ఎవరి వాటాకీ రాని వైరు

"పానా ఎక్కడ పెట్టారు?" ఏసుకుమార్ గదిలోంచి మళ్ళీ అరిచాడు.

ఇంట్లో ఎవరూ పలకలేదు.

"ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళకీ నోట్లో నాలుక లేదా? పానా అడుగుతున్నాను, ఎవరి వాటా అడగట్లేదు."

వరండాలో చేపల బుట్ట ముందేసుకుని కూర్చున్న అతని వదిన షారోన్ తలెత్తలేదు. "పానా మా వాటాలోకి వచ్చింది మరిదిగారూ. సుత్తి మీకు, పానా మాకు. ఆదివారం అబ్బులుగారు చెప్పినప్పుడు మీరు తలూపారు కదండి."

"అయితే సుత్తితోనే ఊడగొడతాను."

"ఊడగొట్టుకోండి. మీ బ్యాటరీ, మీ సుత్తి. మధ్యలో మేమెవరమండి?"

స్నేహలత రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆదివారం నుంచీ ఆమె ఎక్కువగా అక్కడే నిలబడుతోంది. ఒక అడుగు ఇటేస్తే పెద్దన్నయ్య ఎజ్రా వాటా, డాబా. ఒక అడుగు అటేస్తే చిన్నన్నయ్య ఏసుకుమార్ వాటా, పెంకుటిల్లు. పుట్టి పెరిగిన ఇంట్లో కాళ్ళు ఎక్కడ పెట్టాలో చూసుకోవలసి వస్తోంది.

"స్నేహా, నువ్విలా రా" అన్నాడు ఏసుకుమార్. "నాన్న దగ్గర నేర్చుకున్నావు కదా. దీనికి ఏ వైరు ముందు తియ్యాలి?"

ఆమెకు తెలుసు. చెప్పలేదు.

మధ్యాహ్నానికి జగ్గారావు పడవ రేవుకి వస్తుంది. బ్యాటరీ ఆ పడవ ఎక్కితే, దాని వెనకే ఆమె కూడా ఎక్కాలి. ఆమె బట్టల సంచీ పొద్దున్నే సర్దించి తలుపు వెనక పెట్టించాడు చిన్నన్నయ్య. ఏ వైరు ముందు తియ్యాలో చెప్పడమంటే అమ్మ దగ్గర్నుంచి తనని తనే ఊడదీసుకోవడం.

"చెవుడా నీకు?"

"తెలీదు" అంది.

పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. ఆడాక సిగ్గు కూడా వేయలేదు. కోపం వచ్చింది, అంతే.

బ్యాటరీ కిటికీ కింద బల్ల మీద ఉంది. నాన్న వరదానం ఉన్నప్పుడు దాని మీద ఎప్పుడూ ఉతికిన తువ్వాలు కప్పి ఉండేది. పెద్ద వరద తగ్గాక ఏదో సంస్థవాళ్ళు పడవ మీద తెచ్చి బిగించి వెళ్ళారు. కరెంటు స్తంభాలు అవతలి ఒడ్డు దగ్గరే ఆగిపోయిన పాలేటిలంకలో మొదట వెలిగిన లైటు వరదానం ఇంట్లోదే. డాబా మీద సోలార్ అద్దం, ఈ గదిలో బ్యాటరీ, ఆ రెండింటినీ కలుపుతూ గోడ వెంట పొడుగాటి నల్ల వైరు, ఆ వైరు చివర చార్జింగ్ ఎంతుందో చూపించే అరచేయంత డబ్బా. పొద్దున్నే పంచె కొంగుతో అద్దం తుడిచి గానీ వరదానం దోనె ఎక్కేవాడు కాదు. ఆయన మంచం పట్టాక ఆ పని స్నేహలతకి వచ్చింది. బ్యాటరీలో నీళ్ళు పొయ్యడం, డబ్బాలో ఎర్ర లైటు వెలిగితే టీవీ కట్టేయించడం అన్నీ ఆమే. ఈ ఇంట్లో ఈ పిల్ల మాట వినేది టీవీ ఒక్కటేనని షారోన్ నవ్వేది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద అబ్బులుగారు చర్చి వరండాలో కూర్చుని వాటాలు వేశారు. ఆయన పద్ధతి లంకంతా ఎరిగినదే. సామానునంతా జతలు జతలుగా పేరుస్తారు. జతలో ఒకటి పెద్దవాడికి, ఒకటి చిన్నవాడికి. గంగాళం ఇటు, కాగు అటు. దోనె ఇటు, వలలు అటు. అద్దం డాబా మీద ఉంది కాబట్టి పెద్దవాడికి, బ్యాటరీ పెంకుటింట్లో ఉంది కాబట్టి చిన్నవాడికి. ఆ నిమిషంలో అది అందరికీ న్యాయంగానే వినిపించింది. ఎవరికి ఏది వచ్చిందన్న గొడవే తప్ప, విడదీస్తే పనికొస్తుందా అని అడిగినవాడు లేడు.

సామాను అయ్యాక మనుషులు మిగిలారు. తల్లి పెద్దవాడికి. చెల్లెలు చిన్నవాడికి.

చిన్నవాడు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పనిచేస్తున్నాడు. పురిటికి నల్లజర్ల వెళ్ళిన భార్య పసిపిల్లతో గూడెం రాబోతోంది. ఆ పిల్లని ఎత్తుకోవడానికి మనిషి కావాలి. చెల్లెలు ఉంది.

"సరేనా సలోమమ్మా?" అని అబ్బులుగారు అడిగారు.

"సరేనండి" అంది అమ్మ.

ఆ ఒక్క ముక్క ఆదివారం నుంచీ స్నేహలత గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, పైకి రాదు.

ఆ సాయంత్రమే ఎజ్రా డాబా ఎక్కి అద్దం దగ్గర వైరు పీకేశాడు. "నా అద్దం నీ బ్యాటరీకి చాకిరీ ఎందుకు చెయ్యాలిరా?" అన్నాడు. "చెయ్యొద్దు, పండగ చేసుకో" అన్నాడు ఏసుకుమార్. మర్నాటికి డబ్బాలో లైటు ఎర్రబడింది. ఆ తర్వాత ఇంట్లో ఏ లైటూ వెలగలేదు. ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు బుడ్డిదీపాలు, ఇటొకటి అటొకటి, ఎవరి పొగ వాళ్ళది.

ఏసుకుమార్ వరండాలోకి వచ్చాడు. షారోన్ పక్కన కిటికీలో ఉన్న పానాని తనే తీసుకుని లోపలికి పోయాడు.

"అడిగి తీసుకోవడం తెలీదేంటండి?" అంటూ ఆమె వెనకే లేచింది.

అతను ఎర్ర వైరు నట్టుకి పానా తగిలించి బలంగా తిప్పాడు. పానా రెండో చివర వెళ్ళి నల్ల వైరు నట్టుకి తగిలింది. ఫట్టుమని నీలం మంట లేచింది. పానా ఎగిరి గోడకి కొట్టుకుంది. ఏసుకుమార్ చెయ్యి విదిలించుకుంటూ వెనక్కి పడ్డాడు. గదంతా కాలిన వాసన.

"చచ్చిందనుకున్నాం, ఇంకా ప్రాణం ఉందే దీనికి" అంది షారోన్.

"నవ్వండి. నవ్వండి మీరు."

"నేనెక్కడ నవ్వానండి? మీ చెల్లెమ్మగారు నోరు విప్పి చెబితే ఇంత జరిగేదా? తెలిసి కూడా బొమ్మలా నిలబడింది."

అప్పుడే ఎజ్రా దోనె కట్టేసి మోకాళ్ళదాకా బురదతో పెరట్లోకి వచ్చాడు. గోడవారగా పడి ఉన్న పానా మీద పడింది అతని చూపు.

"నా పానా నీ గదిలోకి ఎలా వచ్చింది?"

"కాళ్ళొచ్చి నడిచొచ్చింది" అన్నాడు ఏసుకుమార్, బొబ్బలెక్కిన వేళ్ళు ఊదుకుంటూ. "తీసుకో. మొలతాడుకి కట్టుకుని తిరుగు."

"ఆ బ్యాటరీ తీసుకెళ్ళి ఏం చేస్తావురా? మిల్లులో జీతంతో పాటు ఎండ కూడా పోస్తున్నారా నీకు?"

"గూడెంలో కరెంటుంది. దాంతో చార్జింగ్ పెట్టుకుంటాను. నువ్వు నీ అద్దంలో మొహం చూసుకో. రోజూ చూసుకో."

"నాన్నని ఏడిపించింది చాలక ఆయన వస్తువుని కూడా..."

"నేను ఏడిపించానా?"

"సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన మర్నాడే నువ్వు చెప్పులేసుకుని గూడెం బస్సెక్కావు. నాన్నని వీపున మోసి పడవెక్కించింది ఎవడు? ఏలూరు ఆస్పత్రి అరుగు మీద దోమల్లో పడుకున్నది ఎవడు?"

"నువ్వే పడుకున్నావు" అన్నాడు ఏసుకుమార్ నెమ్మదిగా. "అందుకేగా డాబా నీకొచ్చింది."

ఎజ్రా మొహం మాడిపోయింది. చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కొడితే తేలిపోయేది. కొట్టలేదు. చెయ్యి దించుకుని నూతి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు. పోసిన చోటే మళ్ళీ మళ్ళీ పోసుకుంటున్నాడు.

స్నేహలత వెనక పాకలోకి వెళ్ళింది. సలోమి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ముందింట్లో మాట్లాడే ప్రతి మాటా ఇక్కడికి వినిపిస్తుంది. వినపడనట్టే ఏరుతోంది.

"అమ్మా, జగ్గారావు మావయ్య పడవ వచ్చేస్తుంది."

"ఊఁ."

"నన్ను పంపేస్తావా?"

"పెద్దమనుషులు చెప్పారు కదా."

"వాళ్ళేం చెప్పారో నేనూ విన్నాను. నిన్ను అడుగుతున్నాను."

సలోమి ఒక రాయి తీసి పక్కన పడేసింది. ఇంకో రాయి కోసం చూసింది. "ఈ బియ్యం నిండా రాళ్ళే" అంది.

"నాకు చెప్పడానికి నీకు అంతకన్నా మాట లేదా?"

ఆ గొంతు తనదేనా అనిపించింది స్నేహలతకి. బడిలో పేరు పిలిస్తే పలకడానికి కూడా సిగ్గుపడే పిల్ల. పిలిచిన ప్రతిసారీ పక్కనున్న పిల్లే "వచ్చిందండి" అని చెప్పేది. సలోమి చేట మీద చేతులు ఆపింది గానీ తలెత్తలేదు. తలెత్తితే బాగుండు, తిడితే బాగుండు, చేట విసిరేసినా బాగుండు. ఏమీ చేయని అమ్మ మీద వచ్చే కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ పిల్లకి తెలియలేదు.

డాబా మీద కాకులు గోల పెట్టాయి.

స్నేహలత పెరట్లోకి వచ్చి పైకి చూసింది. షారోన్ బుట్ట పట్టుకుని మెట్లు దిగుతోంది. బుట్ట ఖాళీగా ఉంది.

ఆమె మెట్లెక్కింది. సోలార్ అద్దం నిండా చేపలు. ఉప్పు పట్టించిన చిన్న చేపలు వరసగా, తలలన్నీ ఒకవైపు పెట్టి, పొందిగ్గా పరిచి ఉన్నాయి. కాకులకి అడ్డంగా పైన పాత వలముక్క కప్పి ఉంది. ఉప్పునీళ్ళు అద్దం మీద చారలు కట్టి కిందికి కారి అంచుల్లోకి దిగుతున్నాయి. ఒక కాకి వలకన్నంలోంచి ముక్కు దూర్చి టకటకా అద్దాన్నే పొడుస్తోంది.

"వదినా" అని పిలిచింది పైనుంచి.

"ఏంటి?"

"ఇదేం పని?"

"ఏ పని? అద్దం మాది. ఊరికే ఎండలో పడుంది. సిమెంటు మీద కన్నా దాని మీద తొందరగా ఎండుతున్నాయి, ఇసక కూడా అంటట్లేదు. బ్యాటరీ మీ అన్నయ్య పట్టుకుపోతుంటే ఇక నేను దాన్ని పూజ చెయ్యాలా?"

"నాన్న పంచె కొంగుతో తుడిచేవాడు దీన్ని."

"తుడిచేవారు. ఇప్పుడు ఆయనా లేరు, లైటూ లేదు. దిగి వచ్చి నీ సంచీ చూసుకో."

స్నేహలత వలముక్క లాగి అవతల పారేసింది. రెండు చేతులతో చేపల్ని తోసేసింది. అవి డాబా అంచు మీదుగా పెరట్లో, కూరమడిలో, షారోన్ తల మీద పడ్డాయి. షారోన్ జుట్టు దులుపుకుంటూ నోటికి వచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్ల మధ్యే గేటు తీసుకుని గొడుగు ముడుస్తూ అబ్బులుగారు వచ్చారు.

"ఏంటమ్మా షారోనూ, ఆకాశం నుంచి చేపలు కురిపిస్తున్నారు? మా ఇంటి మీద ఎప్పుడూ కురవలేదే."

"చూడండి తాతగారూ. మా వస్తువు మీద మా చేపలు పోసుకుంటే తోసేసింది. మీరేగా అద్దం మాకిచ్చింది?"

"ఇచ్చానమ్మా. ఏసుకుమారు తన వాటా ఒక్కటే తీసుకెళ్తున్నాడో లేదో చూసి పోదామనే వచ్చాను." ఆయన వరండా అరుగు మీద కూర్చుని నుదురు తుడుచుకున్నారు. "మంచినీళ్ళివ్వండి కాస్త."

నూతి దగ్గర్నుంచి ఎజ్రా, గదిలోంచి ఏసుకుమార్ వచ్చి చెరోవైపు నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకోలేదు. అబ్బులుగారు నీళ్ళు తాగి ఇద్దర్నీ చూశారు. డాబా వైపు చూశారు. గది వైపు చూశారు. ఆయన తెలివితక్కువవాడేం కాదు. చేసిన పని ఏమిటో ఆదివారం సాయంత్రానికే ఆయనకి తెలిసిపోయింది.

"పోనీ ఒక మాట. అద్దానికీ బ్యాటరీకీ మళ్ళీ కూర్చుందామా?" అన్నారు గొంతు తగ్గించి.

"కూర్చుంటే అన్నిటికీ కూర్చోవాలండి" అన్నాడు ఏసుకుమార్. "డాబాకి కూడా."

"అయితే అక్కర్లేదు" అన్నాడు ఎజ్రా.

"చూశావా షారోనూ, వాళ్ళిద్దరికీ వద్దు" అని అబ్బులుగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "సంఘంలో ఒకసారి అన్న మాట మార్చితే రేపు నా మాట ఎవరు వింటారు? ఇక ఆ బ్యాటరీ దింపుకోవయ్యా. పడవ వచ్చేస్తోంది."

స్నేహలత మెట్లు దిగి వచ్చింది. చేతులు ఉప్పు, చేపపొలుసు. పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడటం ఆమె ఎరగదు. అరుగు అంచు పట్టుకుంది.

"తాతగారూ, వైరు ఎవరి వాటా అండి?"

"ఏ వైరమ్మా?"

"అద్దానికీ బ్యాటరీకీ మధ్యన ఉన్నదండి. చివర డబ్బా ఉంది చూడండి, దాంతో కలిపి."

అబ్బులుగారు వేళ్ళు ముడుచుకుంటూ లోపల్లోపల జతలు తిరగేసుకున్నారు. గంగాళం, కాగు. దోనె, వలలు. పానా, సుత్తి. "వైరు సంగతి అనుకోలేదమ్మా" అన్నారు చివరికి.

"మరి నా సంగతండి?"

"నీ సంగతి అనుకున్నాం కదా. చిన్నన్నయ్య దగ్గర ఉంటావు. మంచి సంబంధం చూసి..."

"అది నన్ను ఎవరికివ్వాలో అనుకున్నారండి. నాకేమివ్వాలో అనుకోలేదు."

అరుగు మీద గొడుగు జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఆడపిల్లకి వాటా ఏంటే?" అంది షారోన్.

"వాటా వద్దు వదినా. ఎవరికీ అక్కర్లేనిది ఒకటుంది కదా. అది చాలు."

ఆమె లోపలికి వెళ్ళింది. అల్మారాలోంచి స్క్రూడ్రైవరు తీసింది. అది ఎవరి జతలోకి వెళ్ళిందో అడగలేదు. డబ్బా నుంచి బ్యాటరీకి వెళ్ళే ముక్కల్ని ముందు నల్లది, తర్వాత ఎర్రది విప్పింది. ఏసుకుమార్ బొబ్బలెక్కిన చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు. మంట లేదు, చప్పుడు లేదు.

"తెలీదన్నావు" అన్నాడు.

"అవును, అన్నాను."

గోడకి కొట్టిన మేకుల్లోంచి వైరు ఒక్కొక్క చోటా విప్పుకుంటూ వరండా, పెరడు దాటి డాబా దాకా వెళ్ళింది. మోచేతికీ బొటనవేలికీ మధ్యన వేసి చుట్ట చుట్టింది. నాన్న వలతాడు అలాగే చుట్టేవాడు. గోడ మీద వైరు ఉన్న చోట సున్నం తెల్లగా గీతలా మిగిలింది.

"అది ఇటిచ్చెయ్" అన్నాడు ఎజ్రా.

"ఏలూరులో వైర్లు దొరకవా పెద్దన్నయ్యా? కొనుక్కో."

"వైరు కోసం కాదే. నలుగురిలో నోరు లేపావు చూడు, అందుకు."

"నోరు లేదని ఆదివారం అటో ఇటో పడేశారు. లేపితే తప్పన్నారు. ఏది చెయ్యమంటారో అది కూడా మీరే వాటాలు వేసుకోండి."

ఏసుకుమార్ నవ్వబోయి ఆగాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"నువ్వు కూడా నవ్వకు చిన్నన్నయ్యా. నీ పిల్లని ఎత్తుకోవడానికి నేను రానని అనలేదు. అడిగావా నువ్వు? ఒక్కసారి అడిగావా? బ్యాటరీ పక్కన సంచీ పెట్టినట్టు పెట్టావు నన్ను."

అతనికి కోపం వచ్చింది. బ్యాటరీని రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకుని రేవు వైపు నడిచాడు. "ఎక్కితే ఎక్కు. లేకపోతే ఆ వైరుతో ఉయ్యాల కట్టుకుని ఊగు" అన్నాడు పోతూ పోతూ.

రేవులో జగ్గారావు గెడ బురదలో గుచ్చి పడవ ఆపి ఉంచాడు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. అంత ఎండ, లంకంతా ఎండే, ఇంట్లో మాత్రం బుడ్డిదీపం. స్నేహలత రేవు మెట్టు మీద నిలబడింది. చుట్ట చుట్టగా మిగిలిన వైరు కొస పాములా వెనక మెట్ల మీద పడి ఉంది. పడవెక్కితే అమ్మని వదిలేసినట్టు. ఎక్కకపోతే పెద్దన్నయ్య వాకిట్లో ఏ హక్కుతో నిలబడుతుంది? వెనక ఎజ్రా, షారోన్, గొడుగు వేసుకోవడం మరిచిపోయిన అబ్బులుగారు.

"ఎక్కుతావా లేదా?" అన్నాడు ఏసుకుమార్ పడవలోంచి.

అప్పుడు అందర్నీ తప్పించుకుంటూ సలోమి వచ్చింది. చంకలో గుడ్డలో చుట్టిన బైబిలు, చేతిలో బియ్యం మూట. ఎవరి మొహమూ చూడలేదు. చీర కొంచెం ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. పడవ అంచు పట్టుకుని ఎక్కింది. పడవ ఒకపక్కకి ఒరిగింది. వెళ్ళి తిన్నగా బ్యాటరీ మీద కూర్చుంది.

"అమ్మా, ఏంటిది?" అన్నాడు ఏసుకుమార్. "నువ్వు అన్నయ్య దగ్గర కదా ఉండాలి."

"అమ్మా దిగు" అన్నాడు ఎజ్రా ఒడ్డు మీంచి. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"సలోమమ్మా, ఆ రోజు నువ్వే సరేనన్నావు" అన్నారు అబ్బులుగారు.

"అన్నానండి. ఆయన పోయిన దగ్గర్నుంచి అందరికీ సరేననే అంటున్నాను. ఇవాళ అనను." ఆమె గొంతు పెద్దదేం కాదు. కానీ రేవంతా వినపడింది. "పాతికేళ్ళు కాపురం చేసిన ఇంటిని జతలు జతలుగా పేర్చారు. పేర్చండి. నా పిల్లకీ నాకూ మధ్యన ఉన్నది ఏ జతో చెప్పలేదు మీరు."

స్నేహలతకి కళ్ళు మండాయి. ఏడుపు కాదు. ఆదివారమే అనవలసిన మాట ఇవాళ అన్నందుకు అమ్మ మీద ఇంకా కోపంగానే ఉంది. ఆ కోపంతోనే నీళ్ళలోకి దిగింది, పడవెక్కి అమ్మ పక్కన నిలబడింది. సలోమి కూతురి చెయ్యి పట్టుకోలేదు. జరిగి కాస్త చోటిచ్చింది, అంతే.

"ఏమండి, తొయ్యమంటారా ఆగమంటారా?" అని జగ్గారావు అందర్నీ కలిపి అడిగాడు.

"ఆగు" అన్నాడు ఎజ్రా.

"ఆగు" అన్నాడు ఏసుకుమార్. మూడు రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి.

"తొయ్యి జగ్గారావూ" అంది సలోమి.

"ఎక్కడికి అమ్మగారూ?"

"తరవాత చెబుతాను. ముందు తొయ్యి."

జగ్గారావు ఒక్క నిమిషం ఆలోచించి గెడ పీకాడు. పడవ కదిలింది. స్నేహలత చేతిలో చుట్టలు ఒక్కొక్కటే విడుతున్నాయి. ఎందుకో అర్థంకాక ఒడ్డు వైపు చూసింది. మెట్ల మీద పడి ఉన్న వైరు కొసని ఎజ్రా వంగి పట్టుకుని ఉన్నాడు. చేతికి రెండు చుట్లు తిప్పుకున్నాడు కూడా.

"వదిలెయ్ అన్నయ్యా."

అతని చూపు వైరు మీద లేదు. బ్యాటరీ మీద కూర్చున్న అమ్మ మీద ఉంది. ఆమె ఇటు తిరిగి చూడటం లేదు.

చివరి చుట్ట విడింది. నీళ్ళలో మునిగి ఉన్న వైరు బొట్లు రాలుస్తూ పైకి లేచి, ఒడ్డుకీ పడవకీ మధ్యన కర్రలా బిగుసుకుంది. స్నేహలత రెండు చేతులతో పట్టుకుంది. డబ్బా ఆమె గుండెలకి ఒత్తుకుంటోంది. అవతలి కొసన ఎజ్రా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేశాడు, అయినా వదల్లేదు.

జగ్గారావు వెనక్కి ఒకసారి చూసి, గెడని మళ్ళీ నీళ్ళలోకి దించాడు.